హాఫ్ క్లచ్

ఎడమ కాలి జోడుకు పక్కన ఐదు ఇత్తడి కొక్కేలుంటాయి. మొమోసె షెడ్డు గడప మీద కూర్చుని వాటిని కింది నుంచి పైకి ఒక్కొక్కటిగా తగిలించుకుంటున్నాడు. బొటనవేలు ఒక అరలో, మిగిలిన నాలుగు వేళ్లు మరో అరలో దూరే గుడ్డ జోడు అది. అడుగున పల్చటి రబ్బరు. ఇళ్ల కప్పుల మీదెక్కి పనిచేసేవాళ్లు, తోటపనివాళ్లు వేసుకుంటారు. కుడి కాలికి మాత్రం మామూలు బూటు. యాక్సిలరేటరుకు బూటు చాలు. క్లచ్‌కు అరికాలు కావాలి. పట్టు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ జారుతుందో అరికాలికి తెలిసినట్టు బూటుకు తెలియదు.

ఈ జోళ్లు జతగానే అమ్ముతారు. ముప్పై ఎనిమిదేళ్లలో పద్నాలుగు జతలు కొన్నాడు. ఎడమవి పదమూడు అరిగి చెత్తలో కలిసిపోయాయి, పద్నాలుగోది కాలికుంది. కుడివి పద్నాలుగూ ఇంట్లో అటక మీద కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి. కుడి కాలు ఒక్కటే ఉన్న మనిషి ఎక్కడైనా దొరికితే మన కొట్టు తెరుచుకోవచ్చని అతని భార్య యాయెకో అటక దులిపినప్పుడల్లా అంటుంది.

అరవై ఆరేళ్ల మొమోసె పని అమ్ముడైన పాత కార్లను కొన్నవాళ్ల ఇంటిదాకా నడిపి అప్పగించడం. పోయేటప్పుడు కారు, వచ్చేటప్పుడు బస్సో రైలో. మత్సుమోతో పట్నంలో కొబినత అనే ఆవిడ నడిపే పాత కార్ల దుకాణంలో జీతగాడు. ఇప్పటికి పదకొండు లక్షల కిలోమీటర్లు నడిపాడు. అందులో ఒక్క కిలోమీటరూ సొంత కారులో కాదు. ఇంట్లో ఉన్న చిన్న ఆటోమేటిక్ బండి యాయెకోది. అందులో అతను పక్క సీట్లో కూర్చుంటాడు.

ఇవాళ్టి సరుకు ముదురాకుపచ్చ రంగు స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైకప్పు మడిచేయొచ్చు, చేత్తో వేసే గేర్లు. వయసు ముప్పై ఏళ్లు. ఆ కారుకూ ఈ షెడ్డుకూ యజమాని కామిజో, ఊరి నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి, డెబ్బై తొమ్మిదేళ్లు. తెల్లవారకముందే లేచి కారు కడిగినట్టున్నాడు, చక్రాల లోపలి అంచులు కూడా మెరుస్తున్నాయి. మధ్యాహ్నం పోలీసు ఆఫీసుకు వెళ్లి లైసెన్సు తిరిగి ఇచ్చేస్తానన్నాడు. ఎవరూ ఇమ్మనలేదు. పోయిన నెల పక్కింటి పూలకుండీకి బంపరు తగిలింది. కుండీ పగల్లేదు. అయినా అదే తన లెక్కలో ఆఖరి అంకె అనుకున్నాడు.

“తాళ్లతో కట్టి లారీ మీద వేసుకుపోవట్లేదు. నాకది చాలండీ,” అన్నాడు కామిజో.

ఆ మాట కొబినతకూ ముందే చెప్పి ఉంచాడు. కొనే పక్షం వాళ్ల షరతు కూడా చిత్రంగా అదే. కనుమకు అవతల తకయామాలో హొరగుచి మిజుహొ అనే ముప్పై మూడేళ్ల ఆడమనిషి ఈ కారు అడిగింది. బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండే వంటశాలలో పని. కారు కొనేది ఆవిడే అయినా నిలిపేది తండ్రి స్థలంలో. కారు నిలిపే చోటుందని స్థలం యజమాని కాగితం మీద ముద్ర కొట్టనిదే బండి పేరు మారదు. తండ్రి ఒకప్పుడు దుంగల లారీ నడిపినవాడు. బండి తన చక్రాల మీద కనుమ దాటి రావాలి, వచ్చాక నా కళ్ల ముందు క్లచ్ పరీక్ష నెగ్గాలి, అప్పుడే ముద్ర, అన్నాడు. నెగ్గకపోతే మంగళవారం ఈ కారు విడిభాగాలవాళ్ల దగ్గరికి పోతుంది. సీట్లు ఒకరికి, ఇంజను ఇంకొకరికి. ఈ రకానికి కొత్త క్లచ్ ప్లేటు ఇప్పుడు తయారు కావడం లేదు. ఎవరి దగ్గరైనా పాతది వెతకాలంటే వసంతం దాకా పడుతుంది. వసంతానికల్లా కూతురి మనసు మారుతుందని తండ్రి ఆశ. ఆ ఆశ సంగతి కూతురే కొబినతకు ఫోన్లో చెప్పింది.

ప్లేటులో ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. అది ఇంజనుకూ గేరుపెట్టెకూ మధ్య, కంటికి కనపడని చోట ఉంటుంది. అరిగేది మాత్రం కాలిని బట్టి.

పెద్ద రోడ్డు దాకా తానే నడుపుతానని కామిజో అడిగాడు. మొమోసె పక్క సీట్లో కూర్చున్నాడు. సందు రెండు వందల మీటర్లు కూడా ఉండదు, చివర పెద్ద రోడ్డుకు కలిసే చోట ఎగువ. వెనకాల కూరగాయల బండి ఒకటి వచ్చి ఆగింది. కామిజో బ్రేకు మీద నుంచి కాలు తీసి, క్లచ్ సగం తొక్కి, యాక్సిలరేటరు సన్నగా నొక్కి, ఆ ఎగువలో కారును గాల్లో వేలాడదీసినట్టు నిలిపాడు. అడ్డంగా పోయే కార్లకు ఒక్కొక్కదానికీ తల వంచి దారిచ్చాడు. ఒకటి, రెండు, మూడు. మొమోసె లోపల లెక్కపెట్టుకున్నాడు: పదిహేడు సెకన్లు.

“హ్యాండ్‌బ్రేక్ వేస్తే పోయేది కదండీ,” అన్నాడు మెల్లగా.

“వేసి తీసేటప్పుడు ఒక్క అంగుళం వెనక్కి జారినా వెనకాయన గుండె ఝల్లుమంటుంది. పాపం, పొద్దున్నే ఎందుకండీ.”

లక్షా ఇరవై వేల కిలోమీటర్లకు కామిజో మూడు ప్లేట్లు మార్పించాడు. ఇది నాలుగోది. ప్రతిసారీ మెకానిక్ నాసిరకం వేశాడేమోనని అనుమానపడ్డాడు, ప్రతిసారీ ఆ అనుమానం బయటికి అనడం బాగుండదని ఊరుకున్నాడు. వీధిలోవాళ్లు స్పోర్ట్స్ కారు గదా, పెద్దాయన కొండల్లో చీకట్లో రేసులు కొడతాడేమో అని నవ్వుకునేవాళ్లు. ఆయన జీవితంలో గంటకు డెబ్బై కిలోమీటర్లు దాటలేదు. మూడు ప్లేట్లనూ తిన్నది వేగం కాదు, మర్యాద.

మొమోసెకు ఈ సంగతి ఇవాళ తెలిసింది కాదు. ముప్పై ఏళ్ల కిందట, కొట్టు కొత్త కార్లు కూడా అమ్మే రోజుల్లో, ఈ కారును కొత్తగా ఇదే షెడ్డుకు తెచ్చి అప్పగించింది అతనే. అప్పుడూ పక్క సీట్లో కూర్చోబెట్టుకుని కామిజో ఒక చుట్టు తిప్పాడు. ఇదే ఎగువలో ఇలాగే వేలాడదీశాడు. అప్పటికి మొమోసె వయసు ముప్పై ఆరు. కొనుక్కున్న మనిషికి, అదీ తనకన్నా పెద్దవాడికి, నడపడం రాదని చెప్పడం ఏం బాగుంటుందని నోరు మూసుకున్నాడు. ఆ రోజు మిగుల్చుకున్న ఒక్క మాటకు మూడు ప్లేట్లు ఖర్చయ్యాయి. ఇప్పుడు చెప్పి లాభం లేదు. అమ్మేసిన సరుకును మళ్లీ తూకం వెయ్యకూడదు.

పెద్ద రోడ్డు పక్కన కామిజో దిగాడు. తాళంచెవిని చేతిగుడ్డలో పెట్టి రెండు చేతులతో ఇచ్చాడు. మొమోసె డ్రైవరు సీట్లోకి మారి, పెడల్ ఒక్కసారి అడుగంటా తొక్కి, మెల్లగా వదిలాడు. పెడల్ దాదాపు పైకంటా వచ్చాక గానీ పట్టు దొరకలేదు. కొత్తప్పుడు సగంలోనే దొరికేది. మిగిలింది తక్కువే. మలుపు తిరిగేదాకా అద్దంలో కామిజో వీడ్కోలుగా వంచిన నడుము ఎత్తలేదు.

శనివారం, పైగా ఆకులు ఎర్రబడే రోజులు, చూడ్డానికి జనమంతా కనుమెక్కుతారు. మిజుహొకు వేరే సెలవు లేదు. డ్యాము దాకా రోడ్డు ఖాళీగానే ఉంది. మొమోసె మూడో గేరులో, నాలుగో గేరులో యాక్సిలరేటరును గుడ్డు మీద కాలు పెట్టినట్టు నొక్కుతూ వచ్చాడు. అరిగిన ప్లేటు మీద పెద్ద గేరులో గట్టిగా నొక్కితే ఇంజను అరుస్తుంది, బండి మాత్రం కదలదు. ఆ అరుపంతా ప్లేటు కాలిపోవడమే. చిన్న గేరు వేస్తే ఇంజను కాస్త గోల చేస్తుంది గానీ ప్లేటుకు బరువు తగ్గుతుంది. గేరు మారిన మరుక్షణం ఎడమ కాలు పెడల్ దిగి పక్కనున్న పాదపీఠం మీదికి పోయేది. చాలామంది కాలు పెడల్ మీదే ఆనించి ఉంచుతారు. కాలి బరువు ఎంతని అనుకుంటారు గానీ, ఆ కాస్త బరువే ప్లేటు పట్టును సడలిస్తుంది.

డ్యాము దగ్గర ఆగి, రోడ్డు వార మినప ముద్ద కూరిన గోధుమ రొట్టె తిన్నాడు. మోకాలు రుద్దుకున్నాడు. ఎడమది. సోమవారం ఆసుపత్రిలో దాన్ని కోసి లోహపు కీలు బిగిస్తారు. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పెట్టి చూపించాడు. కుడి మోకాలు నలభై ఏళ్లవాడిదిలా ఉంది, ఎడమదాంట్లో ఎముకా ఎముకా ఒరుసుకుంటున్నాయి. ఏం బరువులు మోశారని అడిగాడు.

“ఏమీ మొయ్యలేదండీ. తొక్కాను,” అన్నాడు మొమోసె.

అరుగుదల అనేది మాయమైపోదు. ఒకచోట తగ్గిస్తే మరోచోట తేలుతుంది. ఆగిన ప్రతిసారీ క్లచ్ అడుగంటా తొక్కి, న్యూట్రల్‌లో వేసి, కాలు తీసేయడం. కదిలేటప్పుడు మళ్లీ అడుగంటా తొక్కడం. జనం ఒక్కసారి తొక్కేచోట అతను రెండుసార్లు తొక్కాడు. జనం ప్లేట్లు మార్చుకున్నారు, అతని మోకాలు అరిగింది. ప్లేట్లు వందల మందివి, మోకాలు ఒక్కటి. మొత్తం మీద బేరం నష్టమేమీ కాదని అతని లెక్క. యాయెకో లెక్క వేరు. ఆపరేషను తర్వాత ఆటోమేటిక్‌లు నడపొచ్చులే అంది కొబినత. చూద్దాం అన్నాడు. ఏదేమైనా క్లచ్ ఉన్న బండి ఇదే ఆఖరు.

డ్యాము దాటి రెండో సొరంగం దగ్గర కార్ల వరస మొదలైంది. ముందంతా ఎగువే. ఎడమ పక్క కొండ, కుడి పక్క లోయ, లోయలో ఎర్రగా పచ్చగా మంటలు పెట్టినట్టు చెట్లు. వరస పది అడుగులు కదులుతుంది, ఆగుతుంది. ముందు కార్లన్నీ హాఫ్ క్లచ్ మీదో, ఆటోమేటిక్ మీదో పాకుతున్నాయి. మొమోసె పాకలేదు. హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్ చేసి, ముందు నాలుగు కార్లు పట్టేంత ఖాళీ ఏర్పడేదాకా కూర్చున్నాడు. అప్పుడు మొదటి గేరు వేసి, క్లచ్ పూర్తిగా వదిలి, నడక వేగంతో ఆ ఖాళీని తిన్నాడు. ఆగాడు. మళ్లీ కూర్చున్నాడు.

వెనక వ్యాన్‌లో సంసారం ఒకటి ఉంది. వరస బాగా ఆగిపోయినప్పుడు వ్యాన్ నడిపే మనిషి ఒళ్లు విరుచుకోవడానికి దిగి, ఈ కారు పక్కకు వచ్చాడు. ముందు కారును చూశాడు, తర్వాత మొమోసె కాళ్లను చూశాడు.

“పెద్దాయనా, ముందు అంత జాగా వదిలేస్తున్నారు. ఎవరికైనా అద్దెకిస్తున్నారా?”

“జాగా కాదు బాబూ. అది నా క్లచ్.”

“ఆ కాలికి ఒకటి, ఈ కాలికి ఒకటి ఏంటి?”

“ఒకటి పనికి, ఒకటి పెళ్లికి,” అన్నాడు మొమోసె.

ఆ మనిషి నవ్వుతూ పోయి భార్యకు చెప్పాడు. ఆ తర్వాత వ్యాన్ కూడా ఒక కారు జాగా వెనక ఉండసాగింది. అది కలిసొచ్చింది.

నలభైసార్లు కదిలి ఆగాక మోకాలు బిగుసుకుంది. తొక్కుతుంటే లోపల ఇసుక నలిగినట్టుంది. ఇక్కడే అతనికి దుర్బుద్ధి పుట్టింది. న్యూట్రల్ మానేసి అందరిలా పెడల్‌ను సగంలో పట్టుకుని పాకితే, ఒక్కో ఆగుడుకు అడుగంటా తొక్కే తొక్కులు రెండూ మిగులుతాయి. ఇంకో ఇరవై ఆగుళ్లుంటే నలభై తొక్కులు. మోకాలు ఎలాగూ సోమవారం పోయేదే. కానీ పోయే మోకాలిని పొదుపు చెయ్యడంలో అర్థం లేదు, మిగలాల్సింది ప్లేటు. పారేసే డబ్బాలో ఆఖరి చెంచా ఉన్నా గీకి వాడుకున్నట్టు, అతను మోకాలిని గీకి వాడాడు.

సవాందో అనే ఊరు దాటాక రోడ్డు మరమ్మతు. హెల్మెట్ పెట్టుకున్న జెండా మనిషి సరిగ్గా నిటారుగా ఎక్కే చోట ఎర్రజెండా చూపించాడు. ఎదుటివైపు వరస దిగిపోయేదాకా నిలబడాలి. అప్పుడే కాలిన వాసన వచ్చింది. కాగితం, వెంట్రుకలు, తారు కలిపి కాల్చినట్టు ఘాటుగా. క్లచ్ ప్లేటు కాలితే సరిగ్గా అదే వాసన. మొమోసె చెయ్యి గేరు కడ్డీ మీద ఆగిపోయింది. ఇంజను ఆపేశాడు. తన వల్ల ఎక్కడ తప్పు జరిగిందో మొదటి నుంచి లెక్క చూసుకున్నాడు. ఎక్కడా దొరకలేదు. అయినా వాసన పెరుగుతోంది. ముప్పై ఏళ్ల కిందట నోరు తెరిచి ఉంటే ఇవాళ ఈ ప్లేటులో సగం మిగిలి ఉండేది కదా అనుకున్నాడు.

అంతలో ఎగువ నుంచి యాత్రికుల బస్సు ఒకటి మూలుగుతూ దిగింది. చక్రాల నుంచి సన్నగా పొగ. డ్రైవరు దిగువంతా బ్రేకు మీదే దిగినట్టున్నాడు. బస్సు దాటిపోయింది, దాంతో పాటు వాసనా పోయింది. మొమోసె నిజమా కాదా అని మరో రెండుసార్లు గాలి పీల్చి చూశాడు. చెట్ల వాసన, తడి మట్టి వాసన. ఇంజను స్టార్ట్ చేశాడు.

తెల్లజెండా లేచింది. క్లచ్ పైకి వస్తుంటే అరికాలికి బండి ముక్కు రవ్వంత లేచినట్టు తెలిసింది. అదే పట్టు. ఆ క్షణాన హ్యాండ్‌బ్రేక్ దింపాడు. కారు వెనక్కి వెంట్రుకవాసి జారకుండా ముందుకు నడిచింది. ఒక సెకను. కామిజోకు పదిహేడు సెకన్లు పట్టిన పని.

కనుమ దాటించే పెద్ద సొరంగం దాకా అరవై ఒక్కసార్లు ఆగి కదిలాడు. సొరంగం అవతల దిగువ, ఖాళీ రోడ్డు. గేరు తగ్గించేటప్పుడల్లా యాక్సిలరేటరును ఒక్కసారి తట్టి, ఇంజను వేగాన్నీ చక్రాల వేగాన్నీ కలిపి, అప్పుడు క్లచ్ వదిలాడు. రెండూ సమానంగా తిరిగేటప్పుడు కలిపితే ప్లేటుకు తగువు తీర్చే పని ఉండదు. పైకప్పు మడిచాడు. అప్పగించే కారుకు అలా చేయడం కొట్టు నియమానికి విరుద్ధం. ఇవాళ ఒక్కరోజుకు కొబినత ఏమీ అనదు.

హొరగుచి ఇంటి ముందు చదునైన స్థలంలో దుంగలు పేర్చి ఉన్నాయి. తండ్రి వాటిమీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి, మెడకు తువ్వాలు. కూతురు నిలబడి ఉంది. పొట్టిగా, బలంగా, పెద్ద వంటపాత్రలు ఎత్తీ ఎత్తీ గట్టిపడ్డ చేతులతో. కారును చూసి ముందుకు రెండడుగులు వేసి, తండ్రి వైపు చూసి ఆగిపోయింది.

“వచ్చిందే. సొంతంగానే వచ్చింది,” అన్నాడు తండ్రి, కాస్త నిరాశగా. “ఇప్పుడు చూద్దాం. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరు వేసి, క్లచ్ వదిలెయ్యాలి. ఇంజను వెంటనే చస్తే ప్లేటు బతికున్నట్టు. ఇంజను చావకుండా తిరుగుతూ ఉంటే ప్లేటు చచ్చినట్టు. లెగు, నేను చూస్తా.”

“నడిపేవాళ్లు చెయ్యాలండీ. అది పద్ధతి,” అన్నాడు మొమోసె. అలాంటి పద్ధతేమీ లేదు.

మిజుహొ కూర్చుంది. స్టీరింగును రెండు చేతులా పట్టుకుంది. మూడో గేరు వేసి, క్లచ్‌ను మెల్లగా, ఇంకా మెల్లగా వదిలింది. కారు వణికింది. ఇంజను మూలిగింది గానీ ఆగలేదు. ఘాటు వాసన లేచింది.

“జారుతోంది. వాసన రావట్లేదూ? నేను ముందే చెప్పానా,” అన్నాడు తండ్రి. తువ్వాలుతో మెడ తుడుచుకుని దుంగల మీంచి లేచాడు. అతని మట్టుకు బేరం అయిపోయింది.

మిజుహొ ఇంజను ఆపేసి తల దించుకుంది. చేతి గేర్ల బండి నడిపే లైసెన్సు ఆవిడకు మూడోసారికి గానీ రాలేదని కొబినత చెప్పగా మొమోసెకు తెలుసు. రెండుసార్లు పోయింది ఒకే తప్పు మీద. నాలుగు రోడ్ల మధ్య ఇంజను ఆగిపోయేది. ఆవిడ అద్దం దించి వెనకున్న ఒక్కో కారుకూ వంగి క్షమించమని అడిగేది. ఆ తర్వాత కాలు దానంతటదే నేర్చుకుంది, ఎప్పుడూ సగంలో ఉండటం. మొమోసె ఆ కాలిని చూశాడు. ఇవాళ పొద్దున ఇంకో కాలు అదే పని చేయగా చూశాడు. ముప్పై ఏళ్ల కిందటా చూశాడు. మనిషి మారింది గానీ మర్యాద అదే.

తన మోకాలు పట్టుకుని, కారు తలుపు పక్కన మెల్లగా కింద కూర్చున్నాడు.

“జారింది ప్లేటు కాదమ్మా. మీ కాలు,” అన్నాడు. “వెనకవాళ్లు ఏమనుకుంటారో అని మీ కాలు సగంలో ఉండిపోతోంది. ఇంజను ఆగిపోతే క్లచ్‌కి ఏమీ కాదు. ఆగిపోతుందేమో అనే భయంతోనే అది అరిగిపోతుంది. ఇప్పుడు ఇంజన్ని చంపండి. చంపాలనే వదలండి.”

“పాడైపోదా?”

“పాడైతే పూచీ నాది.”

“వెనకెవరూ లేరే తల్లీ, దుంగలున్నాయి. వాటికి దండాలు తర్వాత పెట్టుకో,” అన్నాడు తండ్రి.

మిజుహొ నవ్వలేదు. ఇంజను మళ్లీ వేసింది. మూడో గేరు. ఎడమ కాలిని పెడల్ మీద నుంచి ఒక్కసారిగా, వేడి పాత్ర ముట్టుకుని లాక్కున్నట్టు, తీసేసింది.

కారు ఒక్క గెంతు గెంతి ఊరుకుంది. ఇంజను ఠక్కున చచ్చింది.

ఎక్కడో రంపపు మిల్లు చప్పుడు వినిపించింది. తండ్రి కారు తలుపు దగ్గరికి వెళ్లి, హ్యాండ్‌బ్రేక్ సరిగ్గా వేసి ఉందో లేదో వంగి చూశాడు. ఉంది. ఇంకోసారి చెయ్యమన్నాడు. ఇంకోసారి చచ్చింది. ఈసారి మిజుహొ నవ్వింది.

ఎంత మిగిలిందో దాచకుండా చెప్పమని తండ్రి మొమోసెను అడిగాడు. మొమోసెకు దాచాలని లేదు. సగం కన్నా బాగా తక్కువే ఉంది. పాత యజమాని నడిపితే వెయ్యి కిలోమీటర్లు, తను నడిపితే పాతిక వేలు. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఉండాలో అమ్మాయి కాలి ఇష్టం. ఈలోగా పాత ప్లేటు ఎక్కడైనా దొరుకుతుందేమో కొబినత వెతుకుతూ ఉంటుంది. తండ్రి ఆ లెక్కను రెండు నిమిషాలు నమిలాడు. దుంగల లారీ మీద తను ఎన్ని ప్లేట్లు తిన్నాడో చెప్పుకొచ్చాడు. ఆ అంకె గొప్పగా చెప్పుకోవలసినది కాదని చెప్పాకే తట్టినట్టుంది. లోపలికి వెళ్లి ముద్ర తెచ్చాడు. దుంగ మీద కాగితం పరిచి, ముద్రను ఎర్ర సిరాలో అద్ది, కారు పరీక్షించినంత జాగ్రత్తగా కొట్టాడు.

“ఇంజన్ని చంపితే బండి అమ్ముడుపోవడం ఇదే చూడ్డం,” అన్నాడు.

భోజనం చేసి వెళ్లమన్నారు. బస్సుకు ఇరవై నిమిషాలే ఉంది. మొమోసె కారులో కూర్చుని తన కాగితాలు తీసుకున్నాడు. ఎడమ కాలి ఐదు కొక్కేలనూ ఈసారి పై నుంచి కిందికి విప్పాడు. సంచిలోంచి మామూలు ఎడమ బూటు తీసి వేసుకున్నాడు. పని మీద ఉండగా రెండు కాళ్లకూ ఒకే రకం, చాలా ఏళ్లకు. లేచి నిలబడితే కాళ్లు వేరే ఎవరివో అనిపించాయి.

బస్టాండు దాకా దింపుతానని మిజుహొ అంది. వద్దన్నాడు. సంతకాలు, కాగితాలు పూర్తయ్యాక, ఎగువ దారి చూసుకుని వెళ్లండి, ఎగువలో రెండుమూడుసార్లు ఇంజన్ని చంపండి, భయం తీరుతుంది అని చెప్పాడు. తండ్రీ కూతుళ్లు రోడ్డు దాకా వచ్చి నడుము వంచి నిలబడ్డారు. మలుపు తిరిగేదాకా నడుము ఎత్తరని తెలిసి మొమోసె కుంటుతూనే కాస్త జోరుగా నడిచాడు.

బస్సులో సీట్ల మధ్య దారిలోకి ఎడమ కాలు చాపుకుని కూర్చున్నాడు. కనుమ ఎక్కుతుంటే డ్రైవరు గేరు మార్చిన చప్పుడు ప్రతిదీ వినిపించింది. బాగానే నడుపుతున్నాడు, కాలు పెడల్ మీద ఆనించడం లేదు. మూడో సొరంగం వచ్చేసరికి మొమోసె నిద్రపోయాడు. సోమవారం గురించి భయమేమీ లేదు.

ఆ సాయంత్రం కారులో కూర్చుని అద్దం సరిచేసుకుంటున్న మిజుహొకు కాలికి ఏదో మెత్తగా తగిలింది. క్లచ్ పెడల్ కింద కాదు, దాని పక్కన, కాలు ఊరికే ఆనించుకునే పాదపీఠం మీద, ఎవరో కొలిచి పెట్టినట్టు, ఎడమ కాలి గుడ్డ జోడు ఒకటి ఉంది. దాని మడమ కింది రబ్బరు అరిగి అరిగి వెలుతురు కనపడేంత పల్చబడింది, పెడల్ మీద ఎన్నడూ ఊరికే ఆనని ముని వేళ్ల కింది గాడులు మాత్రం కొట్లో కొన్ననాటి పదునుతో అలాగే ఉన్నాయి.